పాత తేదీ

"తొంభై మూడుకి ముందు తేదీ ఉన్నవన్నీ తీసెయ్," అన్నాడు జగన్నాథరావు.

పురుగుమందుల షాపు అమ్మి, తెనాలిలో ఈ డీటీపీ సెంటరు కొని ఏడాదైంది. ఇవాళ కంప్యూటర్లో కొత్త విండోస్ ఎక్కించాలి. పొద్దున్నుంచీ ఫైళ్లు ఏరుతున్నారు.

కావలసినవి ఫ్లాపీల్లోకి. మిగతాది చెత్త.

"బాపట్ల చర్చి పాటల పుస్తకం జాగ్రత్తమ్మా. మూడొందల పేజీలు. ఆదివారం జూబిలీకి అందకపోతే మన పరువు కాలవలో కలుస్తుంది."

"ముందు దాన్నే దాచానండి," అంది ఆపరేటర్ కరుణ. "ఇక్కడ 'దేవ' అని ఒక డైరెక్టరీ ఉందండి. తొంభై ఒకటి తేదీ. తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు."

"అయిదేళ్లు ఎవరూ ముట్టుకోనిది మనకెందుకు?"

"అది ఉంచండయ్యా," అని గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది.

దేవసహాయం. మాసిన చొక్కా, జేబులో భూతద్దం. నెలకోసారి రేపల్లె నుంచి పాసింజర్లో వస్తాడు. ఏ పనీ చేయించుకోడు. ప్రింటర్లోంచి వచ్చే కాగితాల్ని అద్దం పెట్టి చూసి పోతాడు. పాత ఓనరు వెంకట్రామయ్య కాలం నుంచీ ఇదే అలవాటట.

ఆయన్ని చూస్తేనే జగన్నాథరావుకి ఒళ్లు మంట.

"ఏంటి పెద్దాయనా, కంప్యూటర్లు కూడా తెలుసా నీకు?"

"తెలీదండి. ఆ దేవ మాత్రం తీసెయ్యొద్దండి."

"నీ పేరున పొలమేమైనా రాయించుకున్నావా అందులో?"

కరుణ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాకోసం కాదండి. మీకే పనికొచ్చేది."

"విన్నావా అమ్మా! నాకేం పనికొస్తుందో రేపల్లె నుంచి రైలెక్కొచ్చి చెప్తున్నాడు."

దేవసహాయం సంచిలోంచి కొత్త ఫ్లాపీ తీశాడు.

"పోనీ ఇందులో వేసివ్వండి. చూపు తగ్గిపోతోంది, చెయ్యి వణుకుతోంది. మళ్లీ నావల్ల కాదు."

"మళ్లీ రావటం నీవల్ల కాకపోతే మాకదే పదివేలు. బయటి ఫ్లాపీ పెడితే వైరస్సొస్తుంది. అటు చూడు, చదవటం వచ్చా?"

తలుపు మీద వాళ్లే కంప్యూటర్లో కొట్టి అంటించిన కాగితం ఉంది. 'పని లేనివారు లోపలికి రాకూడదు.'

దేవసహాయం భూతద్దం తీసి దాని దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు.

"'డ' కడుపు కొంచెం లావైందండి," అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

"అచ్చు కాగితానికి కూడా వంక పెడతాడు! వెళ్లవయ్యా, రైలు పోతుంది."

ఆయన వెళ్లాడు. కరుణ మీట నొక్కింది. దేవ పోయింది.

మర్నాడు కొత్త విండోస్ నీలంగా, నిగనిగలాడుతూ వచ్చింది. జగన్నాథరావు కొబ్బరికాయ కొట్టాడు.

కరుణ పాటల పుస్తకం తెరిచింది.

మొదటి పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, ఖాళీ పెట్టెలు. రెండో పేజీ అంతే. పెళ్లి శుభలేఖలూ అంతే.

"పాటలన్నీ ఉన్నాయండి," అంది కరుణ, ఇంకో పేజీ తిప్పుతూ. "తెలుగే లేదండి."

జగన్నాథరావు గుంటూరులో ఉన్న వెంకట్రామయ్యకి ఫోన్ చేశాడు.

"దానికేముందండి, దేవ డైరెక్టరీ మళ్లీ ఎక్కించండి."

"అది తీసేశామండి. అయిదేళ్లుగా ఎవరూ వాడట్లేదని..."

అవతల వెంకట్రామయ్య గొంతు పెంచాడు.

"వాడకపోవటమేంటండి? మీ కంప్యూటర్‌కి తెలుగు అక్షరం రూపం వచ్చేదే అందులోంచి. మీరు కొట్టిన ప్రతి కాగితమూ దాని చలవే. తేదీ మారలేదంటే, మళ్లీ దిద్దాల్సిన అవసరం పడలేదని."

"ఇంకెక్కడైనా కాపీ ఉంటుందాండి?"

"లేదండి. అయినా ఆ దేవ ఎవరనుకున్నారు?"

వెంకట్రామయ్య చెప్పాడు. విన్నాక జగన్నాథరావు ఫోన్ పెట్టేయటం మర్చిపోయాడు.

కరుణ తలెత్తి ఆయన చూస్తున్న వైపు చూసింది.

తలుపు మీద కాగితం అలాగే ఉంది. 'పని లేనివారు లోపలికి రాకూడదు.'

ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే తన ఉద్యోగం కంప్యూటర్ రావటంతో పోయాక, ఆ కంప్యూటర్ కోసమే రెండేళ్లు కూర్చుని దేవసహాయం చేత్తో గీసిందే, అందులోని ప్రతి అక్షరమూ.