తాళం పడ్డ తలుపు

"అక్కా, స్క్రూడ్రైవర్ చిన్నది తేనా, పెద్దది తేనా?" తలుపు అవతల నుంచి తమ్ముడు అడిగాడు.

తాళాల కంపెనీ యజమానురాలు కొత్త తాళం పనితనం చూపిద్దామని గదిలోకి వెళ్లి లోపల్నుంచి తాళం వేసుకుంది. ఇప్పుడు తాళంచెవి తిరగనంటోంది. బయట, తాళాలు కొనడానికి వచ్చినవాళ్లు కాఫీ తాగుతున్నారు.

"ఏదో ఒకటి తే! అదీ నేనే చెప్పాలా?"

"అడక్కుండా మేకు కూడా కొట్టొద్దన్నది నువ్వేగా?"

"అవును మేడమ్," ఫిట్టర్ వంత పాడాడు. "మొన్న గోడగడియారం తగిలించినందుకు నన్ను చెడామడా తిట్టారు. తాళం పగలగొట్టమంటారా?"

"వచ్చినవాళ్ల ముందా? పరువు పోదూ!"

"మరేం చెయ్యమంటారు?"

ఆమె చెప్పబోయి ఆగింది. నాలుగు గోడల మధ్య ఉన్న తనకేం కనిపిస్తుంది? అన్నీ కనిపిస్తున్నవాళ్లేమో తననే అడుగుతున్నారు! నవ్వు తన్నుకొచ్చింది.

"మీ ఇష్టంరా బాబూ. నన్నడక్కండి."

ఆ మాట ఆమె నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. బయట గుసగుసలు, కిసుక్కున ఒక నవ్వు, టకటక.

వాళ్లు మడతబందులు ఊడదీసి, తలుపును అమాంతం ఎత్తి గోడకి ఆనించారు. తాళం మాత్రం వేసినది వేసినట్టే ఉంది.

"తలుపు ఊడింది గానీ తాళం ఊడలేదే!" కొనడానికి వచ్చిన పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

"అక్కా, తలుపు మళ్లీ బిగించమంటావా?"

ఆమె నోరు తెరిచింది. ఠక్కున రెండు చేతులతో మూసుకుని, పడీ పడీ నవ్వుతూ కాఫీ దగ్గరికి పరుగెత్తింది.