బావ భుజం

“ఒక్కసారి కూలావంటే ఆటలోంచి తీసేస్తాను పెద్దన్నా. తర్వాత నన్ను తిట్టుకోకు” అన్నాడు కోచ్.

పెద్దన్న బల్ల మీద కూర్చుని మోకాలికి పట్టీ వేయించుకుంటున్నాడు. రగ్బీ జట్టులో అందరికంటే వయసులో పెద్ద కాబట్టి అందరూ అతన్ని పెద్దన్న అనే పిలుస్తారు, ఒకప్పుడు అతని పక్కన ఆడిన ఈ కోచ్‌తో సహా. ఈ రోజు అతనికి ఆఖరి మ్యాచ్.

“ఆఖరి ఈల దాకా ఉంటాను.”

“ఆ మోకాలితోనా?”

“మోకాలు నాది. నీకేంటి నొప్పి?”

ఫిజియో నవ్వు ఆపుకుని, అతని చెవులకు టేపు చుట్టాడు. ఏళ్ల తరబడి తలల మధ్య నలిగి అవి ముద్దల్లా తయారయ్యాయి. కూతురు చిన్నప్పుడు వాటిని పట్టుకుని నిద్రపోయేది. పొద్దున బయల్దేరుతుంటే ఆ పిల్లే గుమ్మంలో అడ్డు నిలబడింది. “ఓడిపోయినా ఫర్వాలేదు నాన్నా. నీ కాళ్ల మీద నడిచి బయటికి రా. నిన్ను మోసుకొస్తుంటే నేను చూళ్లేను.”

పెద్దన్న మైదానంలోకి నడిచాడు.

అతను ఆడేది ముందు వరసలో. స్క్రమ్ కట్టినప్పుడు ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తలలు దించి భుజాలు ఆనించి తోసుకుంటారు. వెనకవాళ్ల బలం, ఎదుటివాళ్ల బలం రెండూ వచ్చి ముందు వరసవాడి మెడ మీద పడతాయి. వాడు కూలితే స్క్రమ్ కూలుతుంది.

ఎదురుగా ఎప్పటిలాగే బావ ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. కుర్రతనంలో, మొదటి స్క్రమ్‌లోనే అతను పెద్దన్నను బురదలో బోర్లా పడేసి, “లే బావా, మట్టి రుచిగా ఉందా?” అన్నాడు. ఆ పిలుపు ఇద్దరికీ అంటుకుపోయింది. అప్పట్నుంచీ ప్రతి సీజన్‌లోనూ చెంపకు చెంప ఆనించి తోసుకున్నారే తప్ప, ఒకచోట కూర్చుని కాఫీ తాగింది లేదు. అయినా అతను సిగరెట్లు మానేసిన సంగతి పెద్దన్నకు వాసనను బట్టి తెలిసిపోయింది. కొడుకు పుట్టాడని అతనే చెవిలో చెప్పాడు, చెప్పి ఒక్క తోపు తోశాడు. తల్లి పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అతని భుజంలో తోపు లేదు, అంతే.

“ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా?” అన్నాడు బావ, ఎదురుగా వంగుతూ.

“నిన్ను సాగనంపి పోదామని ఆగాను.”

“మా చెల్లెమ్మ వచ్చిందా?”

“వచ్చింది. నువ్వు పడితే చూడాలట.”

రిఫరీ కేకేశాడు. ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని ఢీకొన్నారు.

మొదటి సగం గడిచింది. రెండో సగం మొదలయ్యాక చినుకులు పడి గడ్డి తడిసింది. ఒక స్క్రమ్‌లో పెద్దన్న మోకాలు పట్టు తప్పింది. అయిపోయిందనుకుని, నేల వచ్చి ముఖానికి తగలడం కోసం కళ్లు మూసుకున్నాడు. తగల్లేదు. బావ పిడికిలి జెర్సీని మెలిపెట్టి పట్టుకుంది. అతని భుజం పెద్దన్న భుజానికి గోడలా ఆనుకుంది. స్క్రమ్ నిలబడింది. గీత బయట లేచి నిలబడ్డ కోచ్ మళ్లీ కూర్చున్నాడు.

తర్వాతి స్క్రమ్‌లోనూ అంతే. ఆ తర్వాత కూడా అంతే. బావ నోరు పెగల్లేదు. వెక్కిరింపు లేదు, చెల్లెమ్మ ఊసు లేదు.

పెద్దన్నకు ఒళ్లు మండింది. జీవితమంతా తనను పడగొట్టాలని చూసినవాడు ఇప్పుడు పట్టుకుని నిలబెడుతున్నాడు.

“జాలి చూపిస్తున్నావా?” అన్నాడు పళ్లు నూరుతూ.

“నోర్మూసుకుని తొయ్యి బావా.”

వదిలేసి పడిపోదామా అనిపించింది. అలా పడితే పరువైనా దక్కుతుంది. కానీ స్టాండులో కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అతను పట్టు వదల్లేదు.

ఇంకో స్క్రమ్‌లో ఉండగానే ఆఖరి ఈల మోగింది. పెద్దన్న జట్టు ఓడిపోయింది. మిగతావాళ్లంతా విడిపోయినా వాళ్లిద్దరూ తల మీద తల ఆనించి అలాగే ఉండిపోయారు. కౌగిలింత అనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు.

పెద్దన్న తన కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాడు. కూతురు పరుగెత్తుకొచ్చి చంక కింద దూరింది. “ఏడుపెందుకే, వచ్చాను కదా” అన్నాడు. భార్య అతని చెవుల టేపు విప్పింది.

“ఒక్క నిమిషం. ఒకడికి మాట బాకీ ఉన్నాను” అని వాళ్లనక్కడే ఉంచి, గోడ పట్టుకుంటూ ఎదుటి జట్టు గదికి వెళ్లాడు. జాలిపడ్డాడన్న కోపం తీరలేదు. అయినా నిలబెట్టినవాడికి థాంక్స్ అన్న ముక్క చెప్పకుండా పోతే తను మనిషే కాదనిపించింది. ఎలా మొదలుపెట్టాలో దారంతా కూడదీసుకున్నాడు.

బావ నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎవరో అతని బూట్ల తాళ్లు విప్పుతున్నారు.

“బావా...” అన్నాడు పెద్దన్న.

“నేనే నీ దగ్గరికి రావాలి, లేవలేక ఆగాను” అన్నాడు బావ, అతని చెయ్యి పట్టుకుని. “విరామం అవగానే నడుం పట్టేసింది. నువ్వు మొయ్యకపోతే అక్కడే కూలిపోయేవాణ్ని బావా.”