ముప్పై ఆరు

చేతికి కట్టిన బ్యాండు ముప్పై ఆరు చూపించింది.

"ముప్పై ఆరేంది? మనిషి గుండె గంతేనా కొట్టుకునేది?" అంది స్వరూప.

"గంత తక్కువ ఉండదక్కా. పీసు ఖరాబున్నట్టుంది. ఇంకోటి తీస్త," అన్నాడు దుకాణం శేఖర్.

కోరుట్ల బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల దుకాణం అది. నడిచిన అడుగులు, గుండె కొట్టుకునే వేగం లెక్కపెట్టే బ్యాండ్లు అద్దాల పెట్టెలో వరుసగా ఉన్నాయి.

బ్యాండు కట్టిన చెయ్యి స్వరూపది కాదు, శేఖర్‌దీ కాదు. కళ్లు తిరుగుతున్నాయని వచ్చి, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఎవరో బక్కపలచటి ముసలాయనది. అరవై దాటినట్టున్నాడు.

స్వరూపే అడిగింది.

"కాకా, నీ చెయ్యి ఒకసారి ఇస్తవా? నేను కొనేది గూడ నీ ఈడు మనిషికే."

"తీస్కో బిడ్డా. చెయ్యేమన్న అరిగిపోతదా," అని నవ్వుతూ చాపాడాయన.

స్వరూపకు ఇవాళ ఎట్లాగైనా మంచి బ్యాండు దొరకాలి. మధ్యాహ్నం భోజనానికి లస్మయ్య వస్తున్నాడు.

పోయిన వానాకాలం ముత్యంపేటలో ఆమె తండ్రి గంగరాజం కల్లు గీయడానికి తాడిచెట్టు ఎక్కి కాలు జారాడు. నడుముకున్న మోకు ఆపింది గానీ, కాలు విరిగి తలకిందులుగా వేలాడిపోయాడు. ఊరంతా కింద చేరి తలో సలహా ఇచ్చింది. సలహా ఇవ్వడానికి చెట్టెక్కనక్కర్లేదు కదా!

ఎక్కింది ఒక్కడే. చుట్టాలింటికి వచ్చిన వీర్నపల్లి లస్మయ్య. గంగరాజాన్ని భుజాన వేసుకుని దింపాడు, ఆటోలో పడుకోబెట్టాడు, తన బస్సుకు తాను పోయాడు.

జగిత్యాలలో టీచరుగా పనిచేసే స్వరూప పరుగెత్తుకొచ్చేసరికి ఆ మనిషి లేడు.

అప్పటినుంచి వారానికోసారి ఫోన్ చేస్తాడు. "కాలెట్లుందే? గోలీలేసుకుంటున్నవా?" అని గంగరాజాన్ని అడుగుతాడు. తన ఒంటి సంగతి ఒక్కనాడూ చెప్పడు.

"పైసలిస్తే తీసుకోడు. బట్టలు పెడుదాం బిడ్డా," అన్నాడు తండ్రి.

"బట్టలు అందరు పెడ్తరు బాపూ. మన పానం సంగతి అడిగేటాయనకు, ఆయన పానం సంగతి అడిగేదేదన్న పెడుదాం," అంది స్వరూప. "మనిషెట్లుంటడు?"

"తాడిచెట్టంత మనిషి బిడ్డా!"

అందుకే దుకాణంలోకి రాగానే పట్టీ పొడుగున్నది చూపించమంది.

శేఖర్ రెండో బ్యాండు కట్టాడు. ముప్పై ఐదు.

మూడోది కట్టాడు. ముప్పై నాలుగు.

"ఏందన్నా ఇది? ఆడమనిషి ఒక్కతే వచ్చిందని ఖరాబు సరుకు అంటగడ్తున్నవా?"

శేఖర్‌కు రోషం వచ్చింది. అదే బ్యాండు తన చేతికి కట్టుకున్నాడు. డెబ్బై ఎనిమిది.

"చూడక్కా, నాకు మంచిగనే చూపెడ్తుంది. కాక చెయ్యి కష్టం చేసి చేసి మొద్దువారింది. గా తోలు లోపటికి బ్యాండు లైటు పోతలేదు."

"నేను పెట్టేటాయనది గూడ కష్టం చేసిన చెయ్యే. ఆయనకు పనిచెయ్యంది నాకెందుకు?"

ముసలాయన తుండుతో మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"మూడింటికి మూడు ఒక్కతీరుగనే చెప్తున్నయి. తప్పు నాలోనే ఉన్నదేమో బిడ్డా."

"నువ్వూకో కాకా. గింత తక్కువుంటే మనిషి గిట్ల కూసోని ముచ్చట పెడ్తడా?"

స్వరూప నవ్వింది. శేఖర్ నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆయాసపడుతూ.

స్వరూప సంచీ తీసుకుని లేచింది.

"కొన్ని మంచినీళ్లుంటే ఇస్తవా బిడ్డా?"

"దుకాణంల అడుగు కాకా. మా ఇంటికి చుట్టమొస్తుండు, నాకు టైమైతుంది," అని గబగబా మెట్లు దిగింది.

పక్క సందులో ఇంకో దుకాణం. అక్కడి యజమాని బ్యాండు తన చేతికే కట్టుకుని చూపించాడు. డెబ్బై రెండు. బేరం కూడా ఆడకుండా కొని, రంగు కాగితం చుట్టించి, ముత్యంపేట ఆటో ఎక్కింది.

ఇంట్లో తల్లి సత్యవ్వ కోడికూర దించి, జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టింది. రాడ్లు వేసిన కాలు చాపుకుని గంగరాజం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా తొడిగాడు. గడ్డం కూడా గీయించుకున్నాడు.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది.

"కోరుట్లల దిగిన, జరసేపైనంక వస్త అని పొద్దుగాల్లనే చెప్పిండు గదనే," అని గంగరాజం ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"ఆటో చప్పుడుకు ఇనవడ్తలేదేమో బాపూ," అంది స్వరూప.

అంతలోనే లస్మయ్య నంబరు నుంచి తిరిగి ఫోన్ వచ్చింది. గంగరాజం మొహం వెలిగిపోయింది. కూతురు కూడా వినాలని స్పీకరు నొక్కాడు.

"లస్మన్నా! యాడున్నవే? కూర సల్లారవట్టె!"

"అన్నా, నేను... లస్మన్నను కాదు."

ఆ గొంతును స్వరూప గుర్తుపట్టింది. పొద్దున తాను పోట్లాడిన గొంతు అది.

"కోరుట్ల బస్టాండు కాడ ఫోన్ల దుకాణం శేఖర్‌ను. ఫ్యాను కింద నిద్రవోయిండనుకున్ననే... ఫోన్ మోగుతున్నా లేస్తలేడని తట్టి చూస్తే, ఈ ఫోన్ గల్ల పెద్దమనిషి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే సల్లవడ్డడు."