నాలుగో కొస

పొద్దుటినుంచి మబ్బుగానే ఉంది. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉంది. పక్కనున్న పాకలో రైతూ, అతనికి ధ్యానం నేర్పే గురువూ కళ్లు మూసుకుని కూర్చున్నారు.

గాలి లేచేసరికి రైతు భార్య పట్టా లాక్కొచ్చింది. "ఏమయ్యా, కాస్త ఈ కొస పట్టుకో."

"భారమంతా పైవాడి మీద వేశాను. నువ్వూ వేసి కూర్చో."

"ఇద్దరం కూర్చుంటే కప్పేదెవరు?"

ఆమె ధాన్యం కుప్పచేసి, పట్టా కప్పి, మూడు కొసల మీద రాళ్లు పెట్టింది. నాలుగో కొస మీద తానే కూర్చుంది.

వాన వెలిశాక అతను కళ్లు తెరిచాడు. "చూశావా? నమ్ముకున్నందుకు ఒక్క గింజ తడవలేదు. గురువుగారేరీ?"

ఆమె కొంగు పిండుకుంది. "వాళ్ల వాకిట్లోనూ ధాన్యం ఆరబోసి ఉందట. కప్పుకోవడానికి పరుగెత్తారు."

గురువు వెళ్లింది మూడింటికి. అప్పటికింకా చినుకు పడలేదు.