తమ్ముడికి ఎప్పుడూ రెండు ఎక్కువే

"ఈసారైనా నా తల తెగిపోకుండా తియ్యండి. వెనకాల ఆకాశం బాగా పడాలి" అంది అక్క, డాబా మీద పిట్టగోడకు ఆనుకుని నిలబడి.

భర్త ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. ఎండకు తెర మీద ఏమీ సరిగ్గా కనబడటం లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తీసిన ఫోటోల్లో ఆవిడకు పూర్తిగా తల ఉన్నవి తక్కువే కాబట్టి ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఒక్క తమ్ముడికే కాదు, ఊళ్లో అందరికీ అక్కే. కింద ఉన్న టైలరింగ్ షాపు ఆవిడదే. ఏటా చలి ముదరక ముందు డేగలు ఉత్తరం నుంచి దక్షిణానికి గుంపులు కట్టి పోతాయి. ఆ రోజుల్లో అక్క కత్తెర పనివాళ్లకు అప్పగించి, బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని, డాబా మీద ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటుంది. వచ్చినవాటిని వచ్చినట్టు లెక్కపెడుతుంది. ఊరికి ఆ చివర, కళ్లజోళ్ల షాపు మీద, తమ్ముడు ఇదే పని చేస్తాడు. ఏది డేగో ఏది ఊళ్లో తిరిగే గద్దో వాడికి నేర్పింది అక్కే. అదీ వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాని రోజుల్లో.

వచ్చిన చిక్కల్లా లెక్క దగ్గరే. అక్క డాబా దాటిన పక్షులే కాసేపటికి తమ్ముడి డాబా దాటాలి. కానీ అక్క ఇరవై అంటే తమ్ముడు ఇరవై రెండు అంటాడు. అక్క పదకొండు అంటే వాడు పదమూడు. దారిలో పిల్లల్ని పెట్టాయేమిట్రా అని ఒకసారి అడిగేసింది. వాడు నవ్వి, ఓసారి షాపుకొస్తే కళ్లు చూస్తానన్నాడు. ఆ మాటకు ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే అసలు సంగతి తట్టింది. వాడు సిద్ధంగా ఉంటాడని, గుంపు దాటీ దాటకముందే వెనక్కి తిరిగి ఫోన్ అందుకుని, ఎన్ని వస్తున్నాయో చెప్పేది ఆవిడే. అంటే వాడు తల పైకెత్తే పని లేకుండా, అక్క చెప్పిన అంకెకు రెండు కలిపి పంపేస్తున్నాడన్నమాట.

మామూలుగా అయితే పోన్లే అని ఊరుకునేది. కానీ పక్షుల సంఘానికి పెద్ద అయిన డాక్టరుగారు వచ్చే ఏడాది నుంచి లెక్క ఒక్కచోటే అన్నారు. ఎక్కువ పక్షులు కనబడే డాబాకే కొత్త టెలిస్కోపు. రెండోవాళ్లు అక్కడికి వెళ్లి సాయం చెయ్యాలి. నిర్ణయం ఈ సాయంత్రమే. తమ్ముడి పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం తలుచుకుంటేనే అక్కకు ఏడుపొచ్చింది. ఏడాదంతా గుడ్డలు కత్తిరించేది ఈ నాలుగు వారాల ఆకాశం కోసమే కదా అనిపించింది.

అందుకే ఈ ఎత్తు వేసింది. సీజను చివరి రోజు. పొద్దుటి నుంచి ఒక్క డేగ లేదు. అక్క తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇప్పుడే నలభై డేగలు దాటాయిరా. అటే వస్తున్నాయి, చూసుకో."

"నలభయ్యే! చివరి రోజున నీ పంట పండిందక్కా" అన్నాడు వాడు, నిజంగానే సంబరపడిపోతూ.

అక్కకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే భర్త ఫోటో తీశాడు. ఆకాశం ఖాళీ అనడానికి సాక్ష్యం టైముతో సహా దొరికింది. ఇక చూసేదేముందని ఇద్దరూ కిందికి దిగి, షాపులో టీ తాగుతూ కూర్చున్నారు. టీ అయ్యేలోపే సంఘం వాళ్ల గ్రూపులో తమ్ముడి మెసేజ్ వచ్చింది. నలభై మూడు డేగలు.

"చూశారా, ఈసారి మూడు కలిపాడు" అంది అక్క విజయగర్వంతో.

నిజంగానే వచ్చాయేమో అని భర్త నసిగాడు.

"మన మీదుగా రాకుండా సొరంగం తవ్వుకుని వెళ్లాయా?"

ఆయన మిగిలిన టీ తాగేశాడు.

సాయంత్రం చివరి పేషెంటు వెళ్లాక డాక్టరుగారి గదిలో నలుగురూ కూర్చున్నారు. అక్క తన ఎత్తు గురించి పూసగుచ్చినట్టు చెప్పింది. తమ్ముడు తెల్లబోయాడు. అంత పెద్ద గుంపు గనక రెండుసార్లు లెక్కపెట్టానన్నాడు. ఒట్టు వేసుకోబోయాడు. చివరికి డాక్టరుగారి వైపు తిరిగాడు.

"టెలిస్కోపు అక్కకే ఇచ్చెయ్యండి. నాకు ఆకాశం చూపించింది తనే."

తప్పు చేసినవాడి మాటలా ఉందే అనుకుంది అక్క. అయినా వీణ్ణి ఎత్తుకుని డాబా ఎక్కిన రోజులు గుర్తొచ్చాయి. ఒప్పుకుంటే చాలు, అందరి ముందూ క్షమించేద్దామనుకుంది. వాడు ఒప్పుకోలేదు.

"సరే, ఫోటో చూపించండి" అంది భర్తతో.

ఎక్స్‌రేలు చూసే పెద్ద తెర మీద డాక్టరుగారు ఫోటో తెరిచారు. ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్లు మూతలు పడేంతగా నవ్వుతూ అక్క, ఆవిడ వెనక నీలాకాశం. డాక్టరుగారు ఫోటోను పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, పెన్ను మొనతో తెరను తాకుతూ పెదవులు కదపడం మొదలుపెట్టారు. పక్కనుంచి తమ్ముడు కూడా కదిపాడు. ఇద్దరూ ఒకేసారి ఆగారు.

అక్క నవ్వు వెనకాల నలభై మూడు డేగలున్నాయి.