నల్లపూతకు నా సంతకం

"సంతకం పెట్టండి అత్తయ్యా. రింగులన్నీ బాగున్నాయని వెలుతురు కొలిచే మీటరే చెబుతోంది," అన్నాడు మా మేనల్లుడు. పూతల కర్మాగారం అతనిది. పూతకు ముందూ తర్వాతా తనిఖీ మాత్రం ముప్పై ఏళ్లుగా నాది.

కెమెరా లెన్సు చుట్టూ ఆ రింగులు అమరుతాయి. దారితప్పి లోపలికి వచ్చిన వెలుతురును మింగేయడమే వాటి నల్లపూత పని.

"వెలుతురును మింగుతోంది, నిజమే. కానీ పూత లోహాన్ని పట్టుకోలేదు. ఈ రింగుల పెట్టె గడప దాటదు."

"మీ కళ్ళకు మసకలొచ్చి మా పనికి వంకలు పెడుతున్నారు. ఒక్క తప్పు చేస్తే ఇంటికి వెళ్ళిపోతానని మీరే అన్నారు, గుర్తుందా?"

"జ్ఞాపకానికి ఇంకా మసక రాలేదులే."

మొదటి రింగు మీద టేపు అంటించి ఒక్క ఊపున లాగాను. బొటనవేలి ముద్ర ఆకారంలో పూత ఊడివచ్చింది. ముద్రకు అడ్డంగా సన్నని గాటు కూడా స్పష్టంగా కనిపించింది.

అతని ముఖం జేవురించింది. "పూతకు ముందు వట్టి చేత్తో ముట్టుకుని జిడ్డు అంటించిందెవరు? వాళ్ళను ఈ రోజే పంపించేస్తాను."

నేను చేతితొడుగు తీసి, చిన్ననాటి గాటు ఉన్న నా బొటనవేలిని టేపు పక్కన ఆనించాను.

"పొద్దున నా తొడుగు చిరిగిందని మధ్యాహ్నం గాని గమనించలేదు. నన్ను పంపించు నాయనా, పెట్టెను మాత్రం పంపకు."

అతను అడిగిన సంతకాన్ని తిరస్కరణ పత్రం మీద, తప్పు ఎవరిదని అడిగే గడిలో పెట్టాను.