కాలువ వైపు గోడ

“అబ్బబ్బ, ముక్కు పగిలిపోతోంది! ఈ పందుల పక్కన ఎలా బతుకుతున్నావు ముసలమ్మా?”

గట్టు మీద బానలో బట్టలు ఉతుకుతున్న మేదింగ్ తలెత్తి చూసింది. సిటీ హాలు చొక్కా వేసుకున్న ఇంజనీరు మగ్సినో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అతని వెనకాల ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని తెమ్యోంగ్ అనే బానపొట్ట మనిషి. ఇద్దరూ ఈ వాడకు కొత్త. వంతెన దగ్గర దిగి, గట్టు వెంబడే బురద తొక్కుకుంటూ వచ్చారు.

“అలవాటైపోయింది సార్.”

“అలవాటట! సిగ్గు లేకపోతే సరి.”

కంపు నిజమే. సున్నమైనా పూయని సిమెంటు ఇటుకల గోడ ఒకటి కాలువ మీదికి తోసుకొచ్చింది. దానికి ఆనించి వేసిన తుప్పు రేకుల కింద నాలుగు పందులు. పక్కనే ఒక లావుపాటి గొట్టంలోంచి నల్లటి నీళ్లు కాలువలోకి కారుతున్నాయి. ఒకప్పుడు ఈ కాలువలో పిల్లలు బుట్టలతో రొయ్యలు పట్టేవాళ్లంటే ఇప్పుడెవరూ నమ్మరు. మేదింగ్ పట్టింది, వండింది, తిన్నది.

“ఏం పని మీద వచ్చారు సార్?”

మగ్సినో సంచిలోంచి కాగితం తీశాడు. “మీ వాడ బరంగాయ్ మండలి ఈ ఏటి ప్రాధాన్యాలు. ఒకటి భద్రత, రెండు ఇళ్లు. కాలువకు మూడు మీటర్ల లోపు కట్టిన ఇల్లు ప్రమాదం. కూల్చేస్తాం.”

ఆ ప్రాధాన్యాల సంగతి మేదింగ్‌కు తెలియకపోలేదు. వీధి మొదట్లో వాటి బ్యానరు వేలాడుతోంది, సగం బ్యానరు మండలి పెద్ద కాప్ ఉల్డరికో నవ్వే. పోయిన నెల వాడ సభలో ఆమే లేచి, చీకట్లో చెక్క వంతెన మీంచి ఇద్దరు జారిపడ్డారు, పట్టుకోవడానికి ఒక కమ్మీ వేయించండయ్యా అని అడిగింది. “ముందు వీధికి దీపాల తోరణం. వాడకు అందం అక్కర్లేదా?” అన్నాడు కాప్. అని ఊరుకోక, పక్కనున్న గుమస్తాను “ఎవరీ ముసల్ది?” అని అడిగాడు.

“కాలువ మలుపు దగ్గర ఉంటుంది కాప్. ఎప్పుడు చూసినా బట్టలుతుకుతూనే ఉంటుంది.”

మైకు కట్టేయడం మరిచిపోయారు. ఆ మాట వాడంతా విన్నది.

“మొదట ఎవరిల్లు సార్?” అని అడిగింది మేదింగ్.

మగ్సినో కాగితం చదివాడు. “‘కాలువ మలుపులో, ముసలమ్మ బట్టలుతుకుతూ ఉండే ఇల్లు.’ నువ్వే కదా?”

సబ్బు జారి బానలో పడింది.

గుర్తు పడితే వారంలో ఇల్లు నేలమట్టం. కొండ అవతల కాలనీలో పడేస్తారు. అక్కడ నీళ్లు లేవు, ఉతకడానికి ఎవరి బట్టలూ ఉండవు, తల్లి లేని మనవరాలు లిగాయాకు బడి లేదు. పోయినేడు అక్కడికి పంపిన రెండు కుటుంబాలు తిరిగొచ్చి వంతెన కింద కాపురం పెట్టాయి.

“పిల్ల ఉంది సార్. ఎక్కడికి పోతాం?”

“అది మీ కాప్‌ను అడుగు.”

“నీ ఒక్కదానికే కాదులే లోలా,” అన్నాడు తెమ్యోంగ్, సొంత అవ్వను పిలిచినట్టు. “వరసంతా పోయేదే.”

“కానీ ఒక్కొక్కటే,” అన్నాడు మగ్సినో. “అందర్నీ ఒకేసారి కదిలిస్తే గొడవ చేస్తారని మీ కాప్ తెలివిగా రాశాడు. మొదటి గుర్తు పడ్డ ఇల్లు పూర్తిగా కూలేదాకా రెండో ఇంటి జోలికి పోకూడదట.”

మేదింగ్ బానలో చెయ్యి పెట్టి సబ్బు వెతుక్కుంది. గోడకేసి చూసింది. 

“గుర్తు వేశాక, చెరపమని పైనుంచి ఎవరైనా చెబితే?”

“ఇదిగో, సంతకంతో సహా. ‘పడ్డ గుర్తు చెరపరాదు. ఎంతటివారికీ మినహాయింపు లేదు, చివరికి నాకైనా.’”

“ఎంత ధర్మాత్ముడు!” అని మేదింగ్ కాలువలోకి ఉమ్మింది.

మగ్సినో తీసిన కొలత టేపు రెండో కొస ఆమే పట్టుకుంది, నీటి అంచున గొంతుక్కూర్చుని.

“మీటరున్నర కూడా లేదు!”

“ఇంకాస్త బిగించి లాగండి సార్. రేపు కొలత తప్పని ఎవరూ అనకూడదు.”

“ఆ గొట్టం దేనిది?”

“మరుగుదొడ్లది సార్. మూడున్నాయి.”

“మూడా? లోపల ఎన్ని కుటుంబాలు కుక్కుకున్నాయి?”

“ఒకటే సార్.”

“ఒక కుటుంబానికి మూడు! మరి ఈ పందులు?”

“పండక్కి కోసి వాడకు పెట్టాలిగా. పెట్టినవాడి పేరు చెప్పుకుంటారు.”

“ఛీ. పేదరికమంటే జాలిపడొచ్చు. ఇది బలుపు. మీలాంటి వాళ్ల వల్లే వాడలు ఇలా తగలడ్డాయి.”

“నిజం సార్. పదకొండేళ్లుగా నేనూ అదే అనుకుంటున్నా.”

తెమ్యోంగ్ తీగ మీద ఆరేసిన చొక్కాల్ని జాగ్రత్తగా పక్కకు జరిపాడు. “అన్నీ తెల్లవే, గంజి పెట్టినవే. ఎవరికి లోలా ఇంత షోకు?”

“ఇంట్లో మగమనిషికి. రోజుకు రెండు మార్చాలి.”

కుంచె ముంచి అతను గోడ మీద పెద్ద ఒకటి వేసి, చుట్టూ సున్న చుట్టాడు. “నా మీద కోపం పెట్టుకోకు.”

“కోపమెందుకు నాయనా? ఇంకో పూత వెయ్యి. వంతెన మీంచి చూసినా కనబడాలి.”

మగ్సినో ఫోటో తీసి, అక్కడికక్కడే ఆఫీసుకు పంపేశాడు. బూట్లు గడ్డికి రుద్దుకుంటూ ఇద్దరూ వచ్చిన దారినే వెళ్లిపోయారు. మేదింగ్ చెయ్యి కడుక్కుని, రంగు అంటకుండా చొక్కాలన్నీ మళ్లీ సర్దింది.

గోడ లోపలి నుంచి కాప్ ఉల్డరికో భార్య కేకేసింది: “మేదింగ్, మా ఆయన చొక్కాలు ఆరాయా?”